పదిహేడేళ్ల పిల్లల ప్రేమకథలంటే ఈ వయసులో నాకింత పిచ్చేంటి?

ఉప్పాడచీర (కాకినాడ) | శనివారం రాత్రి 10:40

ముందే చెప్పేస్తున్నాను, నాకు ముప్పై ఏడు. బ్యాంకు ఉద్యోగం, ఆరో తరగతి చదివే కొడుకు, మోకాళ్ల నొప్పుల అత్తగారు. నిన్న నెలాఖరు పని ముగించుకొచ్చి, అందరికీ అన్నాలు పెట్టి, గిన్నెలు సింకులో వదిలేసి, 'ఎలనార్ అండ్ పార్క్' మూడోసారి పట్టుకుని కూర్చున్నాను.

చదవనివాళ్ల కోసం: 1986లో అమెరికాలో ఒమాహా అనే ఊరు. స్కూలు బస్సులో వేరే చోటు లేక ఒకే సీట్లో కూర్చోవాల్సి వచ్చిన ఇద్దరు పిల్లలు. మాటల్లేవు. అబ్బాయి కామిక్సు చదువుకుంటుంటే పక్కనుంచి ఈ పిల్ల దొంగచూపులు చూస్తూ తనూ చదివేస్తుంటుంది. వాడది కనిపెట్టి, ఏమీ అనకుండా, పేజీలు తిప్పడం నెమ్మది చేస్తాడు. అంతే! ఆ పేజీ దగ్గర నేను పుస్తకం మూసేసి వంటింట్లోకెళ్లి మంచినీళ్లు తాగొచ్చాను. మా ఆయన "ఒంట్లో బాలేదా" అనడిగాడు.

ఈ జబ్బు బాబు పుట్టిన కొత్తలో పట్టుకుంది. రాత్రుళ్లు వాణ్ని భుజాన వేసుకుని ఫోన్లో 'ద ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్' చదివాను. పదహారేళ్ల హేజెల్, పదిహేడేళ్ల అగస్టస్, క్యాన్సర్ బాధితుల సమావేశంలో పరిచయం. ఏడిపించింది కాబట్టి నచ్చిందనుకోకండి. ఏడిపించే నవలలు మనకేం తక్కువ? చావు పక్కనే కూర్చున్నా ఆ పిల్లలు తమకిష్టమైన పుస్తకం చివర్లో ఏమయిందో తెలుసుకోవాలని రచయితని వెతుక్కుంటూ ఆమ్‌స్టర్‌డామ్ దాకా పోతారు చూడండి, అక్కడ పడిపోయాను.

మామూలు రొమాన్సుల్లో హీరోకి ఆరడుగుల ఎత్తు, ఓ కంపెనీ, కారు. ఇక్కడ పార్క్‌కి గేర్లు మార్చడం సరిగ్గా వచ్చేదాకా వాళ్ల నాన్న బండి ఇవ్వనంటాడు. నాకు ఆ గేర్లు రాని వాడే కావాలి.

సరే, అసలు ప్రశ్న. తెలుగులో ఇలాంటివి ఏమున్నాయి? పదహారు, పదిహేడేళ్ల పిల్లే కథ చెప్పాలి. పెళ్లి కార్డుతో ముగియకూడదు.


బతుకమ్మపూలు (కరీంనగర్) | శనివారం రాత్రి 11:05

అక్కా, నీ పోస్టు సూసి పక్కున నవ్విన. నువ్వొక్కదానివే గాదు. నాకు నలభై రెండు. మా బిడ్డ అలమారల నుంచి తీసుకొని, అది కాలేజీకి పోంగనే చదువుత. అదొచ్చేటాలకు మళ్ల ఎక్కడిదక్కడ పెడత. దొంగతనం చేసినట్టే ఉంటది.

'టు ఆల్ ద బాయ్స్ ఐ హావ్ లవ్డ్ బిఫోర్' మొదలు చదివిన. లారా జీన్ అనే పిల్ల ప్రేమించిన పోరగాండ్లకు ఉత్తరాలు రాసి పోస్టు చెయ్యకుంట డబ్బాల దాసుకుంటది. ఒకనాడు అవన్ని పోస్టయి కూసుంటయి. అందరు ఆ పీటర్ గురించి మాట్లాడుతరు గని, నాకు ముగ్గురు అక్కచెల్లెండ్ల ముచ్చట నచ్చింది. తల్లి లేదు. పెద్దక్క స్కాట్లండుకు చదువుకు పోతే ఈ నడిపిపిల్ల మీద ఇల్లు పడుతది. నేను సుత మా ఇంట్ల నడిపిదాన్నే.

తెలుగుల గసొంటిది నేనైతె చూడలె.


సూటిమాట (హైదరాబాద్) | ఆదివారం ఉదయం 6:50

కోపగించుకోకండి. ముప్పై ఏడేళ్లకి స్కూలు పిల్లల ప్రేమలు చదవడమంటే, ఇంట్లో అన్నం పెట్టుకుని పిప్పరమెంట్లు తినడం. అసలు టీనేజీ పిల్లల పుస్తకాలకి ఈ 'యంగ్ అడల్ట్' అనేది ప్రచురణకర్తలు అమ్ముకోవడానికి పెట్టిన పేరు. పదిహేడేళ్లవాడు చదవాల్సింది పెద్దల సాహిత్యమే. నేను ఆ వయసులో 'చివరకు మిగిలేది' చదివాను.


ఉప్పాడచీర | ఆదివారం ఉదయం 8:15

సూటిమాట గారూ, పిప్పరమెంట్లు నాకిష్టమే :) అన్నం కూడా తింటాను, మీరేం బెంగపడకండి.

'చివరకు మిగిలేది' నేనూ చదివాను. దయానిధికి కోమలి అంటే ఏమిటో, అమృతం అంటే ఏమిటో, అతనికే తెలీదు. చదువుతున్నంతసేపూ అతని బుర్రలోని పొగ మన కళ్లల్లో పడుతుంది. గొప్ప నవలే, కాదన్నదెవరు? పదిహేడేళ్లప్పుడు అందులో మీకేం అర్థమయిందో నిజం చెప్పండి మరి. నాకైతే ఒకటే అర్థమయింది, ఇది అర్థమైనట్టు మొహం పెట్టాలని.


ప్రొద్దుటూరోడు | ఆదివారం ఉదయం 8:32

హహహ. ఆ మొహం నేనూ పెట్టినా.


డల్లాస్ నాన్న | ఆదివారం ఉదయం 9:40

సూటిమాట గారి రెండో మాట మీద కొంచెం. పేరు ప్రచురణకర్తల కన్నా గ్రంథాలయాల వాళ్లదే ఎక్కువ. ఇక్కడి లైబ్రేరియన్ల సంఘంలో ఈ వయసు పాఠకుల కోసం 1957లోనే ఒక విభాగం పెట్టారు. మా ఊరి లైబ్రరీలో పిల్లల గది ఒక వైపు, పెద్దల అరలు ఒక వైపు, మధ్యలో వీళ్లకి సోఫాలతో సహా వేరే మూల. మా అమ్మాయికి పదిహేను, శనివారాలు అక్కడే మకాం. దాన్ని తీసుకురావడానికి వెళ్లి, ఆలస్యం చేస్తుందని ఏదో ఒకటి తిరగేస్తూ నేనూ తగులుకున్నాను.

పాతవి వెతికి చదివాను. 1942లో వచ్చిన 'సెవెంటీన్త్ సమ్మర్' చాలామంది మొదటిదంటారు. రాసిన మోరీన్ డేలీ అప్పటికింకా కాలేజీ పిల్లే. విస్కాన్సిన్‌లో సరస్సు పక్క చిన్న ఊరు, ఒక్క వేసవి, ఏంజీ, జాక్. కథంతా ఆ మూడు నెలలే. చివర పెళ్లి లేదు, చావూ లేదు. ఆ అమ్మాయి చదువుకి షికాగో వెళ్లిపోతుంది, అయిపోయింది. ఎనభై ఏళ్ల కిందటి పుస్తకం ఇంత మామూలుగా ముగిసేసరికి నేను ఇంకో పేజీ ఉందేమోనని తిప్పి చూశాను.

ఇంకోటి 1967 నాటి 'ది అవుట్‌సైడర్స్'. ఇది ప్రేమకథ కాదు, టల్సా ఊళ్లో డబ్బున్న కుర్రాళ్లకీ లేని కుర్రాళ్లకీ గొడవలు. కథ చెప్పే పోనీబాయ్‌కి పద్నాలుగు. రాసిన సూసన్ హింటన్ మొదలుపెట్టింది హైస్కూల్లో ఉండగా, అచ్చయ్యేసరికి ఆమెకి పద్దెనిమిది. ఆడపిల్ల రాసిందంటే మగవాళ్లు తేలిగ్గా తీసేస్తారని అట్ట మీద పొడి అక్షరాలే వేశారు. పదేళ్ల పైన గడిచాక కాలిఫోర్నియాలో ఒక స్కూలు లైబ్రేరియనూ పిల్లలూ కలిసి దీన్ని సినిమా తియ్యమని కొపోలాకి ఉత్తరం రాస్తే, 1983లో తీశాడాయన.

ఇక జూడీ బ్లూమ్. నవలల్లో ప్రేమించిన ఆడపిల్లకి చివర్లో ఏదో ఒక శిక్ష పడుతోందని, ఇద్దరు మంచి పిల్లలు ప్రేమించుకుని ఎవరూ చచ్చిపోని కథ ఒకటి రాయమని వాళ్లమ్మాయి అడిగిందట. అలా 1975లో 'ఫరెవర్' వచ్చింది. దాన్ని బడి లైబ్రరీల్లోంచి తీసెయ్యాలని ఇప్పటికీ గొడవలే.


బతుకమ్మపూలు | ఆదివారం ఉదయం 10:02

ఎవరు సావని కథ అడిగిందా! ఆ పిల్ల మన సీరియళ్లు చూస్తె ఏమనేదో.


పాత సందూకం (గుంటూరు) | ఆదివారం ఉదయం 11:20

నాకు డెబ్భై నాలుగు దాటాయి. టీచరుగా రిటైరయ్యాను. మనవడు ఈ ఫోన్లో టైపు చెయ్యడం నేర్పాడు, తప్పులుంటే సర్దుకోండి.

ఉప్పాడచీరగారూ, మీరడిగిన వయసుకి మాకు యద్దనపూడి సులోచనారాణి గారు ఉండేవారమ్మా. ఆవిడ మా వైపావిడే, కృష్ణా జిల్లా కాజ. 'సెక్రటరీ' 'జ్యోతి' మాసపత్రికలో వస్తున్నప్పుడు నెలంతా ఎదురుచూడటమే. పత్రిక రాగానే ముందు మా పిన్ని, తర్వాత అక్క, ఆ తర్వాత నేను. మా నాన్నగారు చూస్తే పత్రిక పైన తెలుగు వాచకం. అందులో హీరో రాజశేఖరం కారు దిగాడంటే మా వీధిలో దిగినట్టే ఉండేది. మా వీధిలో అసలు కారే ఉండేది కాదు.

అయితే అందులో నాయిక జయంతికి పదిహేడేళ్లు కావు. ఉద్యోగం చేసుకునే పిల్ల. మేమే పదిహేడేళ్లవాళ్లం. మా కన్నా నాలుగేళ్లు పెద్దదాని కథలో మేం దూరిపోయేవాళ్లం.

ఆవిడదే 'మీనా' మాత్రం మీరు అడిగినదానికి దగ్గర. తల్లి చెప్పినట్టల్లా ఆడుతూ పెరిగిన పిల్ల పల్లెటూళ్లో మేనమామ ఇంటికి వెళ్తుంది. అక్కడ మొదటిసారి తన కాళ్ల మీద నడుస్తుంది. దానికి బావ కన్నా ముందు ఆ ఊరు నచ్చిందని నేననుకుంటాను. 1973లో విజయనిర్మల గారు సినిమా తీశారు. ఈమధ్య 'అ ఆ' వచ్చినప్పుడు హాల్లో మా ముసలివాళ్లందరం ఒక్కసారే "ఇది మన మీనా కదే" అన్నాం, ముందు సీటు కుర్రాడు వెనక్కి తిరిగి చూశాడు.


ఉప్పాడచీర | ఆదివారం మధ్యాహ్నం 12:10

అమ్మా, నమస్కారం. నన్ను గారూ అనకండి, ఆయుక్షీణం.

'బావ కన్నా ముందు ఊరు' అన్న మాట భలే ఉంది. నేను 'మీనా' అద్దె పుస్తకాల కొట్లో తెచ్చుకుని చదివాను. మా రామారావుపేటలో ఉండేది, రోజుకి రూపాయి. అక్కడి నవలలన్నిటికీ ఒకటే రోగం, చివరి నాలుగైదు పేజీలు ఉండవు. చాలా ఏళ్లు నాకు తెలుగు ప్రేమకథలు ఎలా ముగుస్తాయో తెలీదు. బహుశా అందుకే పెళ్లితో ముగియని కథలంటే నాకిష్టమేమో!


చదరంగం రాజా | ఆదివారం మధ్యాహ్నం 12:45

యండమూరి 'వెన్నెల్లో ఆడపిల్ల' మర్చిపోయారేంటి అందరూ? చెస్ ఆటగాడికి ఫోన్లో ఒక అమ్మాయి గొంతు. పేరు చెప్పదు, నంబరు చెప్పదు, పజిల్ ఇచ్చి కనుక్కోమంటుంది. మా హాస్టల్లో సగం మంది ఆ గొంతుతో ప్రేమలో పడ్డారు. కానీ క్లైమాక్సులో [రెండు వాక్యాలు తొలగించాను. చదవనివాళ్లు ఉంటారు, ముగింపులు చెప్పకండి. – మోడరేటర్]


ప్రొద్దుటూరోడు | ఆదివారం మధ్యాహ్నం 12:51

నేను ఆ నవల సగంలో ఉండా సామీ. మోడరేటర్ రాకముందే చదివేసినా. నీకు పుణ్యముంటాది.


చదరంగం రాజా | ఆదివారం మధ్యాహ్నం 12:53

సారీ బ్రో. నలభై ఏళ్ల నవలకి కూడా స్పాయిలరేంటి బ్రో.


ప్రొద్దుటూరోడు | ఆదివారం మధ్యాహ్నం 1:30

సరే పోనీ. ఎదిగే వయసు కతలంటే మనకు ఉండేవి ఉండాయి కదక్కా. నామిని 'పచ్చ నాకు సాక్షిగా', ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు'. అయి చదివినోళ్లకు అమెరికా బస్సు ఎందుకు? కావలి వీధుల్లో ఆ పిల్లోడు చేసే ఎచ్చులు చదువుతాంటే మా ఇంట్లో మా జేజి తిట్లే ఇనపడతాయి. అట్లనే బారిస్టరు పార్వతీశం. మొగల్తూరు పిల్లోడు ఎవురికీ చెప్పకుండా రైలెక్కి, ఓడెక్కి, ఇంగ్లండుకు పోయి దొరబాబు కావడం. 1924లో మొదటి భాగం వచ్చింది. ఎదగడం అంటే అంతకంటే ఏముంటాది?


ఉప్పాడచీర | ఆదివారం మధ్యాహ్నం 2:25

తమ్ముడూ, అన్నీ నాకిష్టమైనవే. పార్వతీశం విషయంలో పూర్తిగా ఒప్పేసుకుంటున్నా, ఆ అమాయకత్వం ఒక్కో మెట్టు దిగడం అంత నవ్వుతూ ఎవరూ రాయలేదు.

కానీ నామిని, ఖదీర్‌బాబు పుస్తకాలు చిన్నతనం. అవీ పెద్దయ్యాక వెనక్కి తిరిగి చెప్పినవి. 'ఆ రోజులే వేరు' అన్న తీపి ఎక్కడో లోపల ఉంటుంది. నాకిష్టమైన పుస్తకాల్లో ఆ తీపి లేదు, ఎందుకంటే చెప్పే పిల్లకి ఇవి 'ఆ రోజులు' అని ఇంకా తెలీదు. రేపు వాడు బస్సులో మాట్లాడతాడా లేదా అన్నదే ఆ పిల్లకి ప్రపంచ యుద్ధం.

'అంపశయ్య'లో రవి ఉన్నాడు, ఉస్మానియా హాస్టల్లో ఒక్క రోజు, 1969లో అచ్చయింది. అతని బుర్రలో ఏం తిరుగుతుందో అక్షరం వదలకుండా రాశారు నవీన్. అయితే రవి అప్పటికే యూనివర్సిటీ.

మన లెక్క చూడండి. పదేళ్ల దాకా చందమామ. ఆ తర్వాత ఎవరో చేతిలో సెక్రటరీ పెట్టారు. మధ్యలో మెట్టు లేదు, గెంతాలి.


హాస్టల్ పిల్లి | ఆదివారం సాయంత్రం 5:18

అక్కా నేను ఎప్పుడూ చదవడమే, పోస్టు పెట్టడం ఇదే ఫస్ట్. 19, బీటెక్ సెకండియర్.

ఆ మధ్యలో మెట్టు ఎందుకు లేదో నేను చెప్పనా? మా పదహారూ పదిహేడూ రెసిడెన్షియల్ కాలేజీలో పోయాయి. ఏ కాలేజీ అనేది వద్దు. పొద్దున్న ఐదింటికి బెల్. రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్స్. గోడ మీద మైక్రో షెడ్యూల్, ఆదివారం వీకెండ్ టెస్టు, నెలకోసారి ఔటింగ్. అబ్బాయిల క్యాంపస్ వేరే ఊరి చివర. ఫోన్ లేదు, కాయిన్ బాక్సు ముందు క్యూ. రెండేళ్లలో నాకు జరిగిందేమిటో చెప్పమంటే ర్యాంకు చెప్పగలను, అంతే.

మా రూములో ఒకమ్మాయి 'ద సమ్మర్ ఐ టర్న్డ్ ప్రెటీ' తెచ్చింది, ఫిజిక్స్ మెటీరియల్ అట్ట కుట్టి. పన్నెండు మందిమి, బాత్రూం బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని వంతులేసుకుని చదివాం. సముద్రం పక్క ఇల్లు, అన్నదమ్ములిద్దరు, బెల్లీ అనే పిల్ల. కథ నిజంగా అంత గొప్పదేం కాదు, ఇప్పుడు తిరగేస్తే విసుగొచ్చింది కూడా. కానీ అప్పుడు అందులో నాకు అద్భుతంగా అనిపించింది ఏంటో తెలుసా? వేసవి సెలవులు. ఆ పిల్లకి ఖాళీ సమయం ఉంది. ఏం చెయ్యాలో తోచక ఈత కొడుతుంది.

ఫ్లోర్ ఇన్‌చార్జి మేడం పట్టుకున్నారు. ఇంటికి ఫోన్ చేస్తారనుకున్నాం. చెయ్యలేదు, తిరిగి ఇవ్వలేదు కూడా. ఆవిడ చదివారని మా అనుమానం.


బతుకమ్మపూలు | ఆదివారం సాయంత్రం 5:40

బిడ్డా... మా దాన్ని గసొంటి కాలేజీలనే ఏద్దామనుకున్నం పోయినేడు. హాస్టలు చూసొచ్చినంక నాకే మనసొప్పలె.


ఉప్పాడచీర | ఆదివారం రాత్రి 9:55

పిల్లీ, నీ పోస్టు మధ్యాహ్నం నించి... కాదు సాయంత్రం నించి మనసులో తిరుగుతోంది. వంట మాడ్చాను.

నేను తెలుగులో పుస్తకం లేదని బాధపడుతున్నాను. నువ్వేమో ఆ వయసే లేదంటున్నావు. రాసేవాడికి సామాను ఎక్కడిది? మా రోజుల్లో ఎంసెట్ ఉన్నా సాయంత్రం ట్యూషన్‌కి సైకిల్ మీద వెళ్లేవాళ్లం. ఆ సైకిల్ దారి ఉంది చూశావూ, నా ప్రేమకథంతా ఆ పదిహేను నిమిషాల్లోనే. (అతనికి తెలీదు. ఇప్పుడతను కాంట్రాక్టరు, మా బ్రాంచికే వస్తాడు. పొట్ట.)

సినిమాలు కూడా చూడు. 2000లో 'చిత్రం' వచ్చింది ఆ వయసు పిల్లల మీద, కానీ అందులోనూ కథ పెళ్లి, బిడ్డ దాకా పోయింది. 'హ్యాపీ డేస్' ఇంజనీరింగ్ మొదటిరోజున మొదలవుతుంది, అంతకుముందు ఆ పిల్లలు ఎక్కడో గడ్డకట్టి ఉన్నట్టు. మొన్న 2025లో 'లిటిల్ హార్ట్స్' ఎంసెట్ పోయిన కుర్రాడి మీద వస్తే జనం ఎగబడి చూశారంటే ఆశ్చర్యమేముంది? ఎవరో ఒకరు ఆ కోచింగ్ బెంచీని తెర మీద పెట్టారు.


కథలరాణి | ఆదివారం రాత్రి 10:30

నేను ఒక యాప్‌లో సీరియళ్లు రాస్తాను, పేరొద్దు. అక్కడ నడిచేది ఏంటంటే, కాంట్రాక్టు పెళ్లి, పొగరు సీఈఓ, ఇష్టం లేని తాళి. రెండేళ్ల కిందట ధైర్యం చేసి ఇంటర్ పిల్లల కథ మొదలుపెట్టా. బైపీసీ అమ్మాయి, రికార్డు బుక్కులో బొమ్మలు వేసిపెట్టే అబ్బాయి. మూడో భాగానికే కామెంట్లు: "ముందు చదువుకోమనండి", "ఈ వయసులో ఇవేంటి", "మా పిల్లలు చదివితే?" ఇంకొకావిడ "పెళ్లి ఎన్నో భాగంలో?" తొమ్మిదో భాగంలో ఆపేశా. అదే చేత్తో సీఈఓ కథ పెడితే నాలుగు రోజుల్లో రేటింగులు పండగ. ఆ సీఈఓ చేసే పనులు ఇంటర్ కుర్రాడు చేస్తే పోలీసులొస్తారు.


సూటిమాట | ఆదివారం రాత్రి 11:12

ఆ కామెంటు పెట్టినవాళ్లలో నాలాంటివాళ్లుంటారు. నిజం చెప్తాను. మా అమ్మాయికి పదహారు నిండాయి. పొద్దున్న నేను రాసింది సాహిత్యం గురించి కాదు, భయం. దాని బ్యాగులో ఇలాంటి పుస్తకం ఒకటి చూశాను, అట్ట మీద ఇద్దరు పిల్లలు చేతులు పట్టుకుని ఉన్నారు. అడగాలో వద్దో తెలీక ఇక్కడికొచ్చి దెబ్బలాడాను.

ఆ పుస్తకాల్లో ఏముంటుందో సూటిగా చెప్పండి.


డల్లాస్ నాన్న | ఆదివారం రాత్రి 11:50

అన్నీ ఒకటి కాదండీ. కొన్నిటిలో ముద్దు దాకా ఉంటుంది, కొన్ని ఇంకాస్త ముందుకెళ్తాయి, కొన్నిటిలో తాగుడూ ఇంట్లో కొట్టడాలూ. ఎలనార్ ఇంట్లో సవతి తండ్రి ఉన్న పేజీలు చదవడం నాకే కష్టమయింది. అదే పుస్తకంలో పార్క్‌ని, వాళ్లమ్మని చూపించిన తీరు మీద కొరియన్ మూలాల పాఠకులు కోప్పడ్డారు కూడా, వాళ్ల కోపంలో న్యాయముంది. మా అమ్మాయే నాకది చూపించింది. నేను ఆ మాటలు గమనించకుండా దాటేశాను.

మా ఇంట్లో చేసిందేంటంటే, నేనూ చదివాను. చదివి దానికేం పాఠాలు చెప్పలేదు. ఆ పుస్తకంలో నీకెవరు నచ్చారని అడిగాను, అంతే. అది ఎవర్ని తిడుతుందో, ఎవర్ని వెనకేసుకొస్తుందో వింటే చాలు, సగం భయం పోతుంది. మిగతా సగం పోదు.


హాస్టల్ పిల్లి | సోమవారం ఉదయం 7:05

అంకుల్, అడగకండి. కాదు, అడగండి, కానీ బ్యాగు చూశానని చెప్పకండి ప్లీజ్.


పాత సందూకం | సోమవారం ఉదయం 10:15

సూటిమాటగారూ, ముప్పై మూడేళ్లు ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు చెప్పాను. బెంచీ కింద నవల దొరికితే తీసుకుని, సాయంత్రం ఇంటి దగ్గర చదివి, మర్నాడు తిరిగి ఇచ్చేసేదాన్ని. ప్రేమకథ చదివి చెడిపోయిన పిల్లని నేను చూడలేదు. ఏ కథా చదవకుండా, చెప్పుకునే మనిషి లేక అవస్థ పడ్డవాళ్లని చూశాను. కావాలంటే 'ఆన్ ఆఫ్ గ్రీన్ గేబుల్స్'తో మొదలుపెట్టించండి. 1908 నాటిది, మీరు భయపడాల్సిందేమీ లేదు అందులో. జుట్టు ఎర్రగా ఉందని వెక్కిరించిన కుర్రాడి నెత్తిన పలక బద్దలు కొడుతుంది ఆ పిల్ల. వాణ్ని క్షమించడానికి ఏళ్లు తీసుకుంటుంది.

ఇంకో మాట. నిన్నటి నుంచీ ఒకటి గుర్తొచ్చీ రానట్టుంది. మా అక్క పీయూసీ (ఇప్పటి ఇంటర్ లాంటిది) చదివేటప్పుడు ఒక వారపత్రికలో సీరియల్ వచ్చేది. కథానాయిక కూడా పీయూసీ పిల్లే. పల్లె నుంచి గుంటూరు హాస్టలుకి వస్తుంది. అక్క వారం వారం ఆ కాగితాలు కత్తిరించి దారంతో కుట్టుకునేది, అప్పట్లో అందరూ అలాగే చేసేవాళ్లం. మనవణ్ని అటక ఎక్కమన్నాను.


ఉప్పాడచీర | సోమవారం ఉదయం 10:22

అమ్మా!!! పీయూసీ పిల్లా? ఆగండి, నేను కౌంటర్లో ఉన్నాను, లంచ్‌లో వస్తా.


పాత సందూకం | సోమవారం సాయంత్రం 4:40

దొరికింది. ఖాకీ అట్ట వేసి ఉంది. మొదటి రెండు వారాల కాగితాలు చెదలు తినేసింది, అందుకని పేరూ లేదు, రాసినవారి పేరూ లేదు. తర్వాతి వారాల పైన కూడా అక్క బొమ్మ వరకే కత్తిరించింది, పేరు పోయింది.

మధ్యాహ్నం నిద్ర మానేసి చదివాను. పిల్ల పేరు వత్సల, కథ తనే చెబుతుంది. హాస్టల్లో సాంబారు, ఇంటి మీద బెంగ, ఇంగ్లీషులో లెక్చరు అర్థంకాక ఏడుపు. ల్యాబులో పక్క బల్ల దగ్గర ఒక అబ్బాయి తన బ్యూరెట్ కడిగిపెట్టాడని నాలుగు పేరాలు ఉంది. నాలుగు పేరాలమ్మా, గాజు గొట్టం కడిగినందుకు. మీరు చెప్పిన ఆ కామిక్సు పేజీ గుర్తొచ్చింది.


ఉప్పాడచీర | సోమవారం సాయంత్రం 4:48

నాకు ఒళ్లు జలదరిస్తోంది. చివరికి? పెళ్లవుతుందా? మోడరేటర్ గారూ, ఇది స్పాయిలర్ కింద లెక్కపెట్టకండి దయచేసి.


పాత సందూకం | సోమవారం సాయంత్రం 5:10

తెలీదు. మా దగ్గరున్న ఆఖరి కాగితం కింద 'సశేషం' అని ఉంది. ఆ వేసవిలో నాన్నగారికి బదిలీ అయింది, కొత్త ఊళ్లో పత్రిక తెప్పించుకోలేదు. అక్క నాలుగేళ్ల కిందట పోయింది, లేకపోతే చెప్పేది.

ఒక వారం కాగితం వెనక వైపు సగం రాశిఫలాలు, సగం 'సాక్షి' సినిమా ప్రకటన ఉన్నాయి, కృష్ణ, విజయనిర్మల బొమ్మలతో.


డల్లాస్ నాన్న | సోమవారం సాయంత్రం 5:35

'సాక్షి' బాపు గారి మొదటి సినిమా, 1967. అంటే ఆ సంవత్సరం సంచికలు చూస్తే చాలు.


ప్రొద్దుటూరోడు | సోమవారం రాత్రి 8:20

మా చిన్నాయన చీరాలలో ఉంటాడు. పక్కనే వేటపాలెం, సారస్వత నికేతనం. 1918 నుంచి ఉండే గ్రంథాలయం, పాత పత్రికలు బైండు చేసి పెట్టుంటారు. ఈ నెలాఖరుకు ఎట్లా పోవాల్సిన పని ఉండాది. అమ్మా, ఆ కాగితాలు ఒక నాలుగు ఫోటో తీసి పంపించు, అచ్చక్షరాలు చూసి ఏ పత్రికో పోల్చుకుంటా. హాస్టల్ వార్డెన్ పేరు, ఆ పిల్లోడి పేరు కూడా చెప్పు.


పాత సందూకం | సోమవారం రాత్రి 9:02

వార్డెన్ పేరు లేదు నాయనా, 'మేడం' అనే ఉంది. అబ్బాయి పేరు కూడా ఇంకా చెప్పలేదు. వత్సలకి కూడా తెలీదు. రోల్ నంబరు 41 అని మాత్రం ఉంది.